గన్‌మ్యాన్ చేతిలో విత్‌డ్రాయల్ ఫారం

పొద్దున పదకొండు గంటలకు ఏ మండల కేంద్రంలోని బ్యాంకుకైనా వెళ్లి చూడండి. ఇనుప గేటు సగం మూసి గొలుసు వేసి ఉంటుంది, ఒక్కొక్కరే తల వంచి లోపలికి దూరాలి. గేటు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని వెనక గోడకు ఆనించిన డబుల్ బ్యారెల్ తుపాకీ. కుర్చీలో ఉండాల్సిన మనిషి మాత్రం అక్కడ ఉండడు. పింఛను డబ్బుల కోసం వచ్చిన అవ్వకు విత్‌డ్రాయల్ ఫారం నింపుతూనో, పాస్‌బుక్ మెషీన్ దగ్గర తోపులాటను సర్దుతూనో, మేనేజరు గారి గదిలోకి టీ ఫ్లాస్కు పట్టుకెళ్తూనో కనిపిస్తాడు. నడుముకు తూటాల బెల్టు, చెవి మీద బాల్ పెన్ను. అవ్వ లెక్కలో ఆయన సెక్యూరిటీ కాదు. ఆ బ్యాంకు మొత్తంలో విసుక్కోకుండా మాట్లాడే ఒకే ఒక్క మనిషి.

ఆయన చేసే సాయాన్ని మేం తప్పు పట్టడం లేదు. ఆయన లేకపోతే సగం బ్రాంచీల్లో ముసలివాళ్ల పని గడవదు. కానీ ఆ ఐదు నిమిషాలు ఆ తుపాకీకి కాపలా ఎవరు?

ఎక్కడైనా బ్యాంకు దోపిడీ జరిగితే చాలు, దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు ఒకే డిమాండ్ మొదలవుతుంది: ప్రతి బ్రాంచికీ సాయుధ గార్డును పెట్టండి అని. బ్యాంకులు సరైన జాగ్రత్తలు తీసుకోవడం లేదని పోలీసులు అంటారు. అంత ఖర్చు మా వల్ల కాదు, కెమెరాలున్నాయి, అలారం ఉందని బ్యాంకులు అంటాయి. రెండు వారాలు గడిచాక ఎవరి పనిలో వాళ్లు పడిపోతారు. సాయుధ గార్డు కావాలా వద్దా అనేదే తప్పు ప్రశ్న అని మా అభిప్రాయం. కావాలి, అందులో అనుమానం లేదు. ఎక్కడ కావాలి, ఏ వేళలో కావాలి, ఎలాంటి మనిషి కావాలి అన్న దగ్గరే అసలు గొడవంతా.

2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తి స్టేట్ బ్యాంకులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. రాత్రి వేళ కిటికీ ఊచలు తొలగించి లోపలికి దిగారు, గ్యాస్ కట్టర్‌తో లాకర్ కోసి, జనం తాకట్టు పెట్టిన 19 కిలోల దాకా బంగారం మూటగట్టుకుని పోయారు. విలువ రూ.13 కోట్లకు పైమాటే. దానికి దాదాపు మూడు వారాల ముందు కర్ణాటకలోని దావణగెరె జిల్లా న్యామతి స్టేట్ బ్యాంకులోనూ అచ్చం ఇదే పద్ధతి: కిటికీ, గ్యాస్ కట్టర్, 17 కిలోల పైచిలుకు బంగారం. అక్కడైతే పోతూ పోతూ కెమెరా రికార్డులుండే డీవీఆర్ పెట్టెను కూడా పట్టుకుపోయారు, పోలీసు కుక్కలు వాసన పట్టకుండా కారప్పొడి చల్లారు. ఆ బంగారం చివరికి 2025 మార్చిలో తమిళనాడులో మదురై వైపు ఒక బావిలో దొరికింది. ఇంతకీ ఆ ముఠా నాయకుడు అదే బ్యాంకులో లోన్ అడిగి కాదనిపించుకున్నవాడట!

ఈ రెండు చోట్లా పగలు గేటు దగ్గర ఎంతమంది గన్‌మ్యాన్‌లను నిలబెట్టినా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే దొంగ వచ్చింది పగలు కాదు, గేటు నుంచి కాదు. పూర్వం బ్యాంకు అంటే క్యాష్ కౌంటరు, నోట్ల కట్టలు, నెల మొదట్లో జీతాల రద్దీ. అప్పటి లెక్కతో పదింటి నుంచి ఐదింటి దాకా గేటు దగ్గర తుపాకీ పెట్టారు. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్ తీసి స్కాన్ చేస్తున్నాం, కౌంటర్లో అంత నగదు ఉండటం లేదు. స్ట్రాంగ్ రూమ్‌లో మాత్రం ఊరి ఆడవాళ్ల బంగారమంతా ఉంది. ఎరువుల కోసమో, కాలేజీ ఫీజు కోసమో, ఆస్పత్రి బిల్లు కోసమో పెట్టిన గాజులు, గొలుసులు, కమ్మలు, ఒక్కోసారి పుస్తెలు కూడా. అంటే సొమ్ము రూపం మారింది, కాపలా వేళలు మారలేదు. సిబ్బంది, జనం, పక్కన టీ కొట్టు, ఎదురుగా బస్టాండు ఉన్నంతసేపూ తుపాకీ ఉంటుంది, అందరూ వెళ్లిపోయి వీధి దీపం ఒక్కటే మిగిలాక ఎవరూ ఉండరు. ఇదేం లెక్కో మాకైతే అర్థం కాదు.

ఇక లోపలివాళ్లే చేతివాటం చూపితే గార్డు చేయగలిగేది ఏమీ ఉండదు. 2025 ఆగస్టులో మంచిర్యాల జిల్లా చెన్నూరు స్టేట్ బ్యాంకులో కిలోల కొద్దీ బంగారం మాయమైతే పోలీసుల వేలు చూపింది అక్కడి క్యాషియర్ వైపే. అదే ఏడాది కర్ణాటకలోని విజయపుర జిల్లా మనగూళి కెనరా బ్యాంకులో 59 కిలోల దాకా బంగారం పోతే అరెస్టయినవాళ్లలో ఆ బ్రాంచి మాజీ మేనేజరు ఉన్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, పాపం గన్‌మ్యాన్ ఎంత! మేనేజరు వస్తే లేచి సెల్యూట్ కొట్టడం ఆయన ఉద్యోగంలో భాగం.

తుపాకీ నిజంగా అక్కరకొచ్చే చోటు ఇంకొకటి ఉంది. అది బ్యాంకు గేటు కాదు, రోడ్డు. నగదు పెట్టె వ్యానులోంచి దిగి ఏటీఎం దాకా నడిచే ఆ ఇరవై అడుగులు. 2025 జనవరి 16న బీదర్‌లో పట్టపగలు, స్టేట్ బ్యాంకు ముందే, బైకు మీద వచ్చిన ఇద్దరు ఏటీఎంలో డబ్బు నింపే సిబ్బంది మీద కాల్పులు జరిపారు, ఒక ఉద్యోగి ప్రాణం పోయింది, రూ.80 లక్షలకు పైగా ఉన్న పెట్టెతో వాళ్లు ఉడాయించారు. ఆ సాయంత్రానికే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో తేలారు, బ్యాగు తెరిచి చూపించమన్న పాపానికి ట్రావెల్స్ సిబ్బంది ఒకరిని కాల్చారు. అంతకు ముందు 2021 ఏప్రిల్ 29న కూకట్‌పల్లిలోనూ ఇంతే. ఏటీఎంలో నగదు పెడుతుండగా బైకు మీద వచ్చిన ఇద్దరు కాల్చితే గార్డు చనిపోయాడు, నగదు నింపే ఉద్యోగి గాయపడ్డాడు. దొంగలు తీసుకుపోయింది రూ.5 లక్షలు. ఆ 5 లక్షలు ఆ గార్డువి కావు, ఆయన జీతంలో అంత కూడబెట్టాలంటే ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేసుకోవచ్చు.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి, దిట్టంగా ఉన్నాయి. నగదు తరలించే ఏజెన్సీల వ్యానులో డ్రైవరుతో పాటు ఇద్దరు నగదు సిబ్బంది, ఇద్దరు సాయుధ గార్డులు ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2018లోనే చెప్పింది. అదే ఏడాది కేంద్ర హోంశాఖ ఇంకాస్త బిగించింది: ఒక్కో వ్యానులో ఒక్కో ట్రిప్పుకు రూ.5 కోట్లు దాటకూడదు, పట్టణాల్లో రాత్రి 9 తర్వాత, గ్రామాల్లో సాయంత్రం 6 తర్వాత, మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో 4 తర్వాత ఏటీఎంలలో డబ్బు నింపకూడదు. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. మరి 2025 నవంబరులో బెంగళూరులో దోచుకున్న వ్యానులో ఎంత ఉంది? రూ.7.11 కోట్లు.

ఆ బెంగళూరు కేసు గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ప్రతి బండికీ ఒక తుపాకీ ఇస్తే చాలు అనేవాళ్లకు అది గట్టి జవాబు. ఆ వ్యానులో గన్‌మ్యాన్‌లు ఉన్నారు. కారులో వచ్చినవాళ్లు మేం రిజర్వ్ బ్యాంకు అధికారులం, తనిఖీ చేయాలి అన్నారు. సిబ్బందిని కిందికి దింపేశారు, డబ్బున్న బండిని దర్జాగా తీసుకెళ్లారు. ఒక్క తూటా పేలలేదు, పేల్చాల్సిన అవసరమే వాళ్లకు రాలేదు. తర్వాత అరెస్టయినవాళ్లలో ఒక పోలీసు కానిస్టేబులు, అదే ఏజెన్సీలో పనిచేసి మానేసిన మరొకడు ఉన్నారు. అధికారి అనగానే లేచి నిలబడటం అలవాటైన మనిషి చేతిలో తుపాకీ ఉన్నా ఒకటే, లాఠీ ఉన్నా ఒకటే. ‘సార్, ఒక్క నిమిషం, కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేసి కనుక్కుంటాను’ అనే ఒక్క మాట ఆయనకు ఎవరూ నేర్పలేదు. నేర్పినా, అలా అడిగిన మర్నాడు ఉద్యోగం ఉంటుందన్న నమ్మకం ఆయనకు లేదు.

తుపాకీ సంగతి కూడా చూద్దాం. మన బ్యాంకుల్లో ఎక్కువగా కనిపించేది 12 బోర్ అనే డబుల్ బ్యారెల్ తుపాకీ. గట్టిగా రెండు తూటాలు, మళ్లీ నింపుకోవాలి. కాల్చితే ఒక్క గుండు కాదు, గుళ్లు గుంపుగా వెళ్లి దూరం పెరిగేకొద్దీ చెదిరిపోతాయి. రైతు భరోసాలాంటి డబ్బులు పడ్డ రోజున నలభై మంది నిలబడ్డ హాల్లో అది పేలితే దొంగకు ఎన్ని తగులుతాయో, క్యూలో ఉన్న మనకు ఎన్ని తగులుతాయో ఎవరూ హామీ ఇవ్వలేరు. దొంగ రాకుండానే పేలిన సందర్భాలూ ఉన్నాయి. 2021 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో మాస్కు విషయంలో మాటా మాటా పెరిగి బ్యాంకు గార్డు ఖాతాదారుణ్ణే కాల్చాడు. ఆ తర్వాతి నెలలోనే మన హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ స్టేట్ బ్యాంకులో గార్డుకూ తోటి ఉద్యోగికీ మధ్య వాగ్వాదం కాల్పుల దాకా పోయింది. (నిజాం కాలంలో ఫ్రెంచి సైనికాధికారి రేమండ్ ఫిరంగులు పోత పోయించిన చోటు కాబట్టి ఆ పేరు వచ్చింది, అక్కడే ఇలా జరగడం విధి వెక్కిరింత.)

ఇలాంటివి విని తుపాకులు తీసేయండి అనేవాళ్లతో మేం ఏకీభవించం. దోచే ముందు దొంగ రెక్కీ చేస్తాడు, తుపాకీ ఉన్న చోటు కంటే లేని చోటు అతనికి సులువు, ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. అయితే ఆ భయం పుట్టాలంటే తుపాకీ వెనక మనిషి కనిపించాలి. చేనులో దిష్టిబొమ్మను పిట్టలు నాలుగు రోజుల్లో పసిగడతాయి, ముఠాలకు అంత టైమ్ కూడా పట్టదు.

ఆ మనిషి సంగతేంటి? ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. దాని కింద వచ్చిన నిబంధనల ప్రకారం కొత్త గార్డుకు 160 గంటల శిక్షణ ఇవ్వాలి, మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు అందులో మూడో వంతు చాలు. సైన్యంలో ఇన్సాస్ రైఫిల్ పట్టిన మనిషికి ఆ వెసులుబాటు న్యాయమే. కానీ ఆయన బ్యాంకులో చేరాక ఏడాదికి ఒక్కసారైనా కాల్పులు సాధన చేసే రేంజ్‌కు తీసుకెళ్లి ఆ 12 బోర్‌తో కాల్పించారా? ఉంటే సంతోషమే, లేకపోతే ఆ తూటాలు బెల్టులో నగల్లా మెరవడానికే. ఇక కొన్ని ఏజెన్సీలు సొంత గన్ను, సొంత లైసెన్సు ఉన్నవాడే కావాలంటాయి. ఉద్యోగం కావాలంటే తుపాకీ తనే కొనుక్కోవాలన్నమాట. ఇంకెక్కడైనా ఇలా ఉంటుందా, కండక్టరును బస్సు నువ్వే తెచ్చుకో అన్నట్టు! ఆ అవసరం చుట్టూ దొంగ లైసెన్సుల వ్యాపారం పుట్టింది, ఎక్కడో జమ్మూకశ్మీర్ చిరునామాతో తయారైన కాగితాలతో ఇక్కడ గార్డులుగా పనిచేస్తున్నవాళ్లను హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు కూడా. అంటే నగదు బండికి కాపలాగా నిలబడ్డ తుపాకీ ఎవరిదో బ్యాంకుకే తెలియదు.

2024 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన కనీస వేతనం ప్రకారం హైదరాబాద్‌లాంటి నగరంలో ఆయుధంతో కాపలా కాసేవారికి అప్పట్లో రోజుకు రూ.1,035, నెలకు రూ.26,910 రావాలి. ఏజెన్సీ చేతులు దాటి అందులో ఎంత గార్డు చేతికి వస్తోందో బ్యాంకులే ఒకసారి పిలిచి అడిగితే బాగుంటుంది, మధ్యలో ఏజెన్సీవాళ్లను కూర్చోబెట్టకుండా. పర్మనెంటు గార్డులు రిటైరవుతున్నారు, ఆ కుర్చీలోకి కాంట్రాక్టు మనిషి వస్తున్నాడు, అక్కడే అటెండర్ పోస్టు కూడా ఖాళీ. అందుకే ఫ్లాస్కు ఆయన చేతికి చేరింది.

బ్యాంకుల వైపు నుంచి చూస్తే కెమెరాలు, కంట్రోల్ రూములు చవక, అలసిపోవు, నిద్రపోవు. ఇందులో నిజం లేకపోలేదు. 2021 జనవరిలో తమిళనాడులోని హోసూరులో ఒక గోల్డ్ లోన్ ఆఫీసులోకి తుపాకీలతో చొరబడి, సిబ్బందిని, గార్డును కట్టిపడేసి 25 కిలోల బంగారం ఎత్తుకుపోతే, నగలతో పాటు ఉన్న చిన్న జీపీఎస్ పరికరం దొంగల వెంటే ప్రయాణం చేసింది, మర్నాటికల్లా హైదరాబాద్ శివార్లలో సైబరాబాద్ పోలీసులు వాళ్లను పట్టుకున్నారు. తుపాకీ చేయలేని పని అది చేసింది. మరి అలాంటి పరికరం మన ఊరి బ్యాంకు బంగారం సంచుల్లో ఎందుకు లేదు? రాత్రి అలారం మోగితే ముందుగా స్థానిక స్టేషన్‌లో ఎందుకు మోగదు? బీమా ఉందన్న ధీమా తప్ప ఇంకో కారణం మాకు తోచడం లేదు. లాకర్లో పెట్టిన సొత్తు దొంగతనంలో పోతే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకేనని 2022 నుంచి నిబంధన ఉంది. అద్దె రూ.3 వేలైతే రూ.3 లక్షలు. ఇప్పటి బంగారం ధరకు అవి నాలుగు గాజులకైనా వస్తాయా?

బంగారు రుణాలు ఎక్కువగా ఇచ్చే ప్రతి బ్రాంచిలో రాత్రి మనిషి ఉండాలి, ఆయన చేతిలో తుపాకీ లేకపోయినా ఫర్వాలేదు, ఒక్కడే కాకుండా ఇద్దరుండాలి, స్టేషన్‌కు మోగే బటన్ ఉండాలి. పగలు తుపాకీ ఉన్న మనిషిని గేటు పక్కన అందరికీ అందేలా కాకుండా, హాలంతా కనిపించేలా వెనక గోడ ఉన్న చోట కూర్చోబెట్టాలి. నగదు దిగేటప్పుడు గార్డు పెట్టె మోయకూడదు, వీధి వైపు చూస్తూ నిలబడాలి. గన్ను బ్యాంకుదో ఏజెన్సీదో అయి ఉండాలి, గార్డుది కాదు. జిల్లా పోలీసులు ఏడాదికి ఒక రోజు రేంజ్ ఇస్తే ఆ జిల్లాలోని గార్డులందరి గురి ఏపాటిదో తేలిపోతుంది, లైసెన్సులు కూడా అదే రోజు అక్కడే చూసేయొచ్చు. అలాగే ఖాళీగా ఉన్న ఆ అటెండర్ పోస్టు నింపండి. అవ్వకు ఫారం ఆయన నింపుతాడు. టీ అంటారా, మేనేజరు గారు నాలుగడుగులు వేసి ఎదురు కొట్టుకు వెళ్లి తాగి రావచ్చు, వస్తూ వస్తూ ఆ కిటికీ ఊచలు కూడా ఒకసారి లాగి చూస్తే ఇంకా మంచిది.