దిగితే ఊరి నడిబొడ్డునే దిగాలి

మా తోడల్లుడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, రాజమండ్రి పెళ్లికి రెండు రోజులు ముందే వస్తున్నాం. రాజోలు దాటాక గోదావరి ఒడ్డున ఒక రిసార్టు చూశాను. బాల్కనీలో కూర్చుంటే ఎదురుగా నదేనట" అన్నాడు. పెళ్లి దానవాయిపేటలో కదా, కోనసీమ చివర దిగడమేమిటి, ఊళ్లోనే ఏదో హోటల్ చూస్తాను, వద్దని చెప్పాను. వినలేదు. ముహూర్తం తెల్లవారుజామున 3 గంటల 40 నిమిషాలకి. పిల్లల్ని నిద్రలోంచి లేపి, రాత్రి ఒంటిగంటకి కారెక్కి, రావులపాలెం, జొన్నాడ దాటుకుంటూ మంగళసూత్రం కట్టే వేళకి చెమటలు కక్కుతూ దిగాడు. ఉన్న మూడు రోజుల్లో ఆ బాల్కనీలో ఎంతసేపు కూర్చున్నావని అడిగితే, మా మరదలే జవాబు చెప్పింది: "ఒక్కసారండి బావగారూ, తడి బట్టలు ఆరేయడానికి."

గోదావరి జిల్లాలకి వచ్చేవాళ్లలో ఈమధ్య సగానికి సగం మంది ఇదే పొరపాటు చేస్తున్నారు. రీల్స్‌లో కొబ్బరిచెట్లు, హౌస్‌బోట్లు, నది అంచున ఊయల చూసి దూరం సంగతి ఆలోచించకుండా బుక్ చేసేస్తున్నారు. పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇవ్వడం, నది మధ్య ఉన్న ప్రతి లంకలోనూ కాటేజీలు కడతామనడం, అవన్నీ మీరు రోజూ చదువుతున్నవే. నేను చెప్పేది ఒక్కటే. ఈ డెల్టాకి వచ్చినవాడు రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం, ఏ ఊరొచ్చినా సరే, బస్టాండుకో బజారుకో నాలుగడుగుల దూరంలో ఉన్న హోటల్లోనే దిగాలి. రిసార్టు కావాలంటే ఒక పూట వెళ్లి భోంచేసి రావచ్చు, అక్కడ పడుకోనక్కర్లేదు.

ఎందుకంటే ఇక్కడ రోజుకి రుచి రెండు చివర్లలోనే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా ఒకటి, సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా ఇంకొకటి. మధ్యలో ఉండేది ఉక్క. చేతిరుమాలు పిండుకునే ఉక్క. పదకొండు నుంచి నాలుగు దాకా గోదావరి జిల్లాల్లో మనిషి చేయదగ్గ పని పప్పు, ఆవకాయ, గడ్డపెరుగుతో భోంచేసి ఫ్యాను కింద వాలడమే. ఆ పనికి ఏ గది అయినా ఒకటే. కాబట్టి ఎక్కడ పడుకున్నావన్నది తేల్చేది నీకు ఆ రెండు చివర్లు దొరుకుతాయా లేదా అన్నదే. రిసార్టులో సరిగ్గా ఆ రెండు వేళల్లోనే గేటు వేసి ఉంటుంది. పోయినేడు నేనూ ఒక రాత్రి అలాంటి చోట ఉన్నాను. ఆరింటికి లేచి టీ అడిగితే "బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిదికండి, కిచెన్ అప్పుడే తీస్తారండి, ఆయ్" అన్నాడు కుర్రాడు, చాలా మర్యాదగా. దగ్గర్లో టీ కొట్టు ఎక్కడుందంటే రోడ్డు మీదికి వెళ్లి ఎడమకి రెండు కిలోమీటర్లన్నాడు.

అదే రాజమండ్రిలో మెయిన్ రోడ్డు పక్క సందులో దిగి చూడండి. నాలుగున్నరకి కిందికి దిగితే కౌంటరు దగ్గర బల్లమీద పడుకున్న మనిషి సగం కన్ను తెరిచి, గొలుసు తీసి, మళ్లీ పడుకుంటాడు. బయట పేపర్ కట్టలు విప్పుతూ ఉంటారు. సందు మొదట్లో టిఫిన్ బండివాడు ఉల్లిపాయ చెక్కని నూనెలో ముంచి పెనం రుద్దుతూ ఉంటాడు, ఆ వాసన మూడో అంతస్తు దాకా వస్తుంది. కోటగుమ్మం మీదుగా పుష్కర ఘాట్‌కి నడిచిపోతే, పొద్దెక్కని వేళ హేవలాక్ వంతెన నల్లటి గీతలా కనిపిస్తుంది. 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన వంతెన అది. ఇక్కడ ఇంకో విశేషం. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. అందుకని ఘాట్ మెట్లమీద నిలబడితే సూర్యుడు నీటిలోంచి లేవడు, మన వెనక ఊళ్లోంచి లేస్తాడు. వెలుగు మాత్రం ముందు అవతల కొవ్వూరు ఒడ్డుమీద పడి, నీళ్లమీదుగా మెల్లగా మన వైపు నడిచివస్తుంది. పావుగంట పని అది. అప్పటికి పెసరట్టు మొదటి వాయి తయారై ఉంటుంది. మళ్లీ సాయంత్రం అదే ఘాట్‌లో పొద్దు నది మీదే కుంగుతుంది, హారతి ఇస్తారు. హారతి అయ్యాక బజార్లో పడి రోజ్‌మిల్క్ తాగి, బజ్జీ మధ్యలో ఉల్లిపాయలు కూరి నిమ్మకాయ పిండించుకుని, తిన్నది అరిగేదాకా తిరిగి, నిద్ర వచ్చినప్పుడు గదికి పోవచ్చు. డ్రైవర్ని నిద్ర లేపక్కర్లేదు.

దూరం లెక్క కూడా ఇక్కడ వేరు. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా విడిపోతుంది. గౌతమి, వశిష్ఠ, మధ్యలో వైనతేయ. మ్యాపులో వేలెడు దూరం కనిపించే ఊరు పాయకి అవతల ఉండొచ్చు. నరసాపురంలో నిలబడితే ఎదురుగా సఖినేటిపల్లి కనిపిస్తూనే ఉంటుంది. పంటు, అంటే బళ్లనీ జనాన్నీ దాటించే పడవ, దొరికితే సరే, లేకపోతే పాలకొల్లు, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. అలాంటి చోట "నది పక్కనే" అని రాసుకున్న గది బాగుంటుంది కానీ, ఆ నదే రోజంతా మీ దారికి అడ్డం పడుతుంది. వంతెనలన్నీ, బస్సులన్నీ చివరికి వచ్చి చేరేది పట్నం సెంటర్లకే. ఆర్టీసీ బస్సు కాంప్లెక్సు పక్కన దిగినవాడు ద్రాక్షారామం, ర్యాలి, ఆత్రేయపురం, కడియం నర్సరీలు, ఏ పూటకి ఏదైనా పల్లెవెలుగు బస్సులో వెళ్లి రావచ్చు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలోని ఆడవాళ్లకి ఆ బస్సుల్లో టికెట్టుకి డబ్బు కట్టక్కర్లేదు. అమలాపురానికి నేటికీ రైలు లేదు గనక అక్కడ ఈ మాట రెట్టింపు నిజం. గడియార స్తంభం సెంటర్ చుట్టుపక్కల దిగకపోతే మీరు దిగింది అమలాపురంలోనే కాదు.

డబ్బు సంగతి. రోజుకి 7,500 రూపాయల లోపు గదులమీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతమే. నడిబజారు హోటళ్లన్నీ దాదాపు ఈ కోవలోవే. అయితే పన్నుకంటే పెద్ద లాభం ఇంకోటుంది, బయటి ఊళ్లవాళ్లకి అది అంతుపట్టదు: 24 గంటల చెకౌట్. పాత లాడ్జిలు చాలావాటిలో నువ్వు ఏ వేళకి దిగితే మర్నాడు ఆ వేళ దాకా గది నీదే. గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి చీకటితో వచ్చినవాడికి దీని విలువ తెలుస్తుంది. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట లెక్కలున్న చోట చీకటితో వస్తే ఎనిమిది గంటలు లాబీలో సోఫా మీద బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి, లేదా ఒక పూటకి రెండు రోజుల అద్దె కట్టాలి.

ఈ పద్ధతి ఎవరి కోసం పుట్టిందో చూస్తే లాడ్జి అసలు మనిషి ఎవరో తెలుస్తుంది. మెడికల్ రెప్పులు, రొయ్యల మేత కంపెనీల వాళ్లు, వాయిదాకి వచ్చిన కక్షిదారులు, పరీక్ష రాసే పిల్లల్ని తీసుకొచ్చిన తండ్రులు, ఆసుపత్రిలో మనిషిని పెట్టుకుని స్నానానికీ కాస్త కునుకుకీ గది తీసుకునే కుటుంబాలు. నెలకి రెండుసార్లు వచ్చే రెప్పుని మోసం చేసి లాడ్జి బతకలేదు. మూడోసారి వాడు పక్క సందులోకి పోతాడు. అందుకే అక్కడ దుప్పటి పాతదైనా ఉతికి ఉంటుంది, రేటు రాతిమీద చెక్కినట్టు ఉంటుంది. జీవితంలో ఒక్కసారి వచ్చే అతిథి మీద బతికే చోటికి ఆ భయం లేదు. సంక్రాంతికి భీమవరంలో ఏమవుతుందో చూడండి. కోడిపందేలకి బయటి నుంచి జనం దిగే ఆ మూడు రోజులూ అదే గది, అదే మంచం, అద్దె మాత్రం మామూలు మనిషి అందుకోలేడు. ఏడాది పొడుగునా వచ్చే పాత ఖాతాదారు వల్లే మిగతా రోజులు మర్యాదగా నడుస్తున్నాయి.

అవతలి పక్షం వాదన కాదనను. నడిబజారులో హారన్లుంటాయి, కిటికీ కింద జనరేటరు ఉంటుంది, కారు పెట్టుకోవడానికి చోటుండదు, పార్కింగు ఉండాల్సిన సెల్లారులో మీటింగు హాలుంటుంది, కింద బారుంటే రాత్రి మెట్లమీద పాటలు కూడా ఉంటాయి. ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని ఆధార్ తీసుకున్నాక కూడా పది ప్రశ్నలు వేసే కౌంటర్లు ఇంకా ఉన్నాయి, అది సిగ్గుచేటు. నెమ్మది కోసమే వచ్చేవాళ్లు, ముసలివాళ్లతో వచ్చేవాళ్లు ఊరి బయట దిగడంలో తప్పు లేదు. మిగతావాళ్లకి మందు సులువు: వీధి వైపు కాకుండా వెనక వైపు గది అడగండి, డబ్బు కట్టేముందు కుళాయి తిప్పి చూడండి, జనరేటరు ఎటువైపో కనుక్కోండి.

ఇంతకీ నా అసలు బాధ హోటళ్ల గురించి కాదు. గోదావరి అంటే నీళ్లూ కొబ్బరిచెట్లూ మాత్రమే అన్న భ్రమ గురించి. బయటివాళ్లు మనల్ని అలా చూస్తే సరే, మనమూ మనల్ని అలాగే అమ్ముకుంటున్నాం. వీరేశలింగం గారు 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం చేయించింది లంకలో కాదు, రాజమండ్రిలో, బయట జనం గోల చేస్తుండగా. ఆయన కట్టించిన టౌన్‌హాలు ఊళ్లోనే ఉంది. గౌతమీ గ్రంథాలయం, ఇరవై ఎనిమిదేళ్లైనా నిండకుండానే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు బొమ్మల గ్యాలరీ కూడా ఊళ్లోనివే. కాకినాడలో కోటయ్య కాజా, సుబ్బయ్య గారి హోటల్ బుట్ట భోజనం పుట్టింది నది వ్యూ ఉన్న బాల్కనీల్లో కాదు, బజార్లలో. డొక్కా సీతమ్మ గారు లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా అన్నం పెట్టింది ఊళ్లో తన ఇంట్లోనే. దారినపోయేవాడు ఊళ్లోకి వస్తాడు, ఊరు వాడికి చోటిస్తుంది. మన సత్రాల పద్ధతి అదే. రిసార్టు పద్ధతి దానికి తలకిందులు: వచ్చినవాడికి ఊరు కనపడకూడదు, ఊరికి వచ్చినవాడు కనపడకూడదు.

అలాంటి నడిబొడ్డుని మనం ఏం చేస్తున్నాం? కల్యాణ మండపాలు బైపాస్‌కి పోయాయి. పెద్ద హోటళ్లు హైవే వైపు చూస్తున్నాయి. మిగిలిన సెంటర్లలో మనిషి నడవడానికి జాగా లేదు. 2027లో మళ్లీ పుష్కరాలు. 2015 జులై 14న, పుష్కరాల మొదటి రోజు పొద్దున్నే, పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో రెండు డజన్ల మందికి పైగా పోయారు. అందరూ ఒకే ఘాట్‌కి, ఒకే ముహూర్తానికి చేరారు. ఊళ్లో నాలుగు రోజులు గది తీసుకుని ఉన్నవాడికి ఆ తొందర ఉండదు. ఇవాళ జనముంటే రేపు, పొద్దున జనముంటే మధ్యాహ్నం మునుగుతాడు. రాత్రికి రాత్రి బస్సులో వచ్చి తిరుగు బస్సు అందుకోవాల్సినవాడే తోసుకుంటాడు. అందుకే పుష్కరాలకి సిద్ధమవడమంటే పాత లాడ్జిలకీ సత్రాలకీ నీళ్లు, మురుగు, అగ్నిమాపకం సరిచేయడం, వాటి నుంచి ఘాట్లకి కాలినడక దారి తీయడం. హేవలాక్ వంతెనని, పుష్కర ఘాట్‌ని తీర్చిదిద్దడానికి సుమారు 94 కోట్లతో అఖండ గోదావరి పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. మంచిదే. వంతెన మీద గాజు పలకలు వేసినా, దీపాలు పెట్టినా చూసి సంతోషిస్తాను. కానీ ఆ వంతెన దాకా మనిషి నడిచి వచ్చేదెలా?

పోయిన కార్తికంలో మెయిన్ రోడ్డు పక్క హోటల్ నుంచి ఘాట్ దాకా మా అత్తగారిని నడిపించుకుంటూ వెళ్లాను. ఆవిడకి డెబ్బై నాలుగు, చేతిలో దీపాల బుట్ట. ఫుట్‌పాత్ మీద వరసగా బళ్లు పెట్టి ఉన్నాయి. అవి దాటితే ట్రాన్స్‌ఫార్మరు, దాని కంచెకి కట్టిన నాయకుడి ఫ్లెక్సీ. తర్వాత బిర్యానీ హోటల్ వాడి గ్యాస్ సిలిండర్లు. ఆ తర్వాత మూత లేని మ్యాన్‌హోల్, అందులో గుర్తుగా గుచ్చిన వేపకొమ్మ. ఎండిపోయింది, అంటే చాలా రోజులైందన్నమాట. ప్రతిసారీ ఆవిడ రోడ్డుమీదికి దిగి, ఆటో హారన్ కొడితే ఆగి, నా భుజం పట్టుకుని మళ్లీ ఫుట్‌పాత్ ఎక్కారు. ఎన్నిసార్లో లెక్కపెట్టాను. పద్నాలుగు. మెట్లు దిగి దీపం వదిలాక, "వచ్చేటప్పుడు ఆటో మాట్లాడు నాయనా" అన్నారు.