అవెన్ గిన్నెల అల్మారా కాదు

అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో అవెన్ తలుపు తీస్తే చాలాసార్లు కనిపించేవి బాణలి, పెనం, పెద్ద ప్రెషర్ కుక్కర్. "అది కేకులకీ పిజ్జాలకీ, మన వంటకి పనికిరాదు" అంటారు. ఆ మాటతో నేను అస్సలు ఏకీభవించను.

దిబ్బరొట్టెనే తీసుకోండి. కట్టెల పొయ్యి రోజుల్లో మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె వేసి పిండి పోసి, సన్నసెగ మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేసేవాళ్ళు. కిందా పైనా వేడి, మధ్యలో రొట్టె. అవెన్ చేసేదీ అదే పని. అవెన్ కొత్తదేం కాదు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన ఇటలీ నగరం పాంపేయిలో, ఒక బేకరీ పొయ్యిలో 81 రొట్టెలు బొగ్గై దొరికాయి. అక్కడ గుమ్మటంలా కట్టిన పొయ్యిలో మంట వేసి, గోడలు బాగా కాలాక బూడిద ఊడ్చి రొట్టెలు పెట్టేవాళ్ళు. హైదరాబాద్ బేకరీల కట్టెల భట్టీలు కూడా ఆ కుటుంబానివే.

ఆ పొయ్యిలన్నిటితో ఒకటే తంటా. లోపల ఎంత వేడి ఉందో తెలియదు. చెయ్యి లోపల పెట్టి ఎన్ని అంకెలు లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలరో చూసేవాళ్ళు, లేదా గుప్పెడు పిండి చల్లి ఎంతసేపట్లో ఎర్రబడుతుందో చూసేవాళ్ళు. 1826లో ఇంగ్లండ్‌లో జేమ్స్ షార్ప్ గ్యాస్ స్టవ్‌కి పేటెంట్ తీసుకున్నారు. 1892లో ఒట్టావాలో థామస్ అహెర్న్ కరెంటు అవెన్లో ఏకంగా విందే వండించారు. అయినా వేడిని చెప్పినచోట నిలబెట్టడం ఇంటి వంటగదికి చేరింది తర్వాతే. 1923లో బ్రిటన్ గ్యాస్ అవెన్లకు 'రెగ్యులో' అనే థర్మోస్టాట్, అంటే వేడిని పెట్టినచోటే నిలిపే సాధనం, వచ్చింది. నన్నడిగితే మైక్రోవేవ్ కన్నా పెద్ద మలుపు ఇదే. వండేవాళ్ళు పొయ్యి దగ్గర కాపలా కాయక్కర్లేకుండా పోయింది.

మన ఆడవాళ్ళు ఆ కాపలాతోపాటు పొగనీ భరించారు. 1950ల్లో హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో డాక్టర్ ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న 'హెర్ల్' పొయ్యిని రూపొందించారు. మన సభల్లో తలుచుకోవాల్సిన పేరు ఆయనది.

ఇక చేతల్లోకి వద్దాం. అవెన్ 400 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెట్టి, క్యాస్ట్ ఐరన్ మూకుడుని అందులోనే కాగనివ్వండి. బయటికి తీసి, నూనె వేసి పిండి పోస్తే చుయ్యిమనాలి. ముప్పావుగంటకి అటూ ఇటూగా అంచులు ఎర్రబడి మూకుడుని వదులుతాయి. పైన రంగు చాలకపోతే రెండు నిమిషాలు బ్రాయిల్ (పైనుంచి మాత్రమే గట్టి వేడి) చేయండి, కానీ అక్కడే నిలబడి చూసుకోండి. ఉడికించిన చేమదుంపలు నూనె, ఉప్పు, కారం పట్టించి, ట్రేలో పరిచి అవెన్లో పెడితే వేపుడు కూడా కరకరలాడుతూ వస్తుంది. గారెలు, పూరీల మాట వేరు, వాటికి నూనె మూకుడే కావాలి. ఏం చేసినా స్విచ్ వేసేముందు లోపలి గిన్నెలన్నీ తీసేయండి. ప్లాస్టిక్ పిడి ఒక్కటి కరిగినా ఆ కంపు ఒక పట్టాన వదలదు.

మన తెలుగు సంఘం వచ్చే ఉగాది వంటల పోటీలో అవెన్ వంటలకు ఒక విభాగం పెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. అందులో మన వంటలే ఉండాలి, కేకులు వద్దు. ప్రతి వంటకం పక్కన ఎన్ని డిగ్రీలు, ఎంతసేపు అన్నది చీటీ మీద రాసి పెడితే, తిన్నవాళ్ళు మర్నాడే ఇంట్లో చేసుకోగలుగుతారు.