శ్రోతల బెడద

సమకాలీన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కోసమే వెలసిన కచేరీ సంఘాలను జనం ఊరికే ఆడిపోసుకుంటారు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ అంటారు. నిండిన సగంలోనూ స్వరకర్త బంధువులే ఎక్కువంటారు. అన్యాయం. ఖాళీ కుర్చీ దగ్గదు, ఫోన్ మోగించదు, విరామంలో చల్లగా జారుకోదు. కొత్త సంగీతానికి ఇంతకన్నా మర్యాదస్తుడైన శ్రోత ఎక్కడ దొరుకుతాడు?

అసలు సమస్య శ్రోతేనని గ్రహించిన మహానుభావుడు ఆస్ట్రియా స్వరకర్త ఆర్నాల్డ్ షోన్‌బెర్గ్. స్వానుభవం మీదే గ్రహించాడు. 1913 మార్చి 31న వియన్నాలో ఆయన నడిపిన కచేరీలో, శిష్యుడు ఆల్బన్ బెర్గ్ పాటల దగ్గరికొచ్చేసరికి శ్రోతలు కలబడ్డారు, కచేరీ మధ్యలోనే ఆగిపోయింది. ఒక చెంపదెబ్బ కోర్టుదాకా వెళ్ళింది. ఆ సాయంత్రం వినబడ్డవాటిలో అన్నిటికన్నా శ్రావ్యమైనది ఆ దెబ్బ చప్పుడేనని ఒపెరెట్టాల (తేలికపాటి సంగీత నాటకాల) స్వరకర్త ఆస్కార్ స్ట్రాస్ సాక్ష్యం చెప్పాడట. చెప్పినవాడు సాటి స్వరకర్త కాబట్టి దీన్ని సంగీత విమర్శ కిందే జమకట్టాలి.

1918లో షోన్‌బెర్గ్ అదే వియన్నాలో ప్రైవేటు సంగీత ప్రదర్శనల సంఘం పెట్టాడు. సభ్యులకే ప్రవేశం. పత్రికల విమర్శకులు గడప తొక్కడానికి వీల్లేదు. చప్పట్లు కొట్టకూడదు, బుసలూ కొట్టకూడదు. ఆ రోజు ఏం వాయిస్తారో ముందుగా చెప్పరు. చెబితే నచ్చినదానికే వచ్చి మిగతావాటికి ఎగ్గొడతారు కదా! బాగుందనే హక్కు, బాగాలేదనే హక్కు రెండూ ఒకేసారి రద్దయ్యాయి. శ్రోతకు చందా కట్టే హక్కు మాత్రం పదిలంగా ఉంచారు.

అయితే ఈ ఆదర్శ సంఘంలో ఒక ఘోరమైన లోపం ఉంది, దాచడం నాకిష్టం లేదు. వాయించినదాన్నే మళ్ళీ వాయించేవారు! కొత్త రచన ఒక్కసారి వింటే బోధపడదని, పదేపదే వినిపించాలని వాళ్ళ పట్టుదల. బాగా కుదిరేదాకా రిహార్సల్స్ చేయించేవారు. పైగా మొదటి రెండేళ్ళు షోన్‌బెర్గ్ తన రచనలను వాయించనివ్వనే లేదు. మాలర్‌వి, డెబుసీవి, రేగర్‌వి వినిపించాడు. సొంత సంఘం పెట్టుకుని పక్కవాడి సంగీతం వాయించడమేమిటో! ఇలాగే సాగనిస్తే జనానికి కొత్త సంగీతం అర్థమై కూర్చునే ప్రమాదం ఉంది.

ఇప్పటి సంఘాలు ఆ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటాయి. వాయించే ప్రతిదీ 'ప్రపంచ ప్రథమ ప్రదర్శన'. ద్వితీయ ప్రదర్శన అని ఎవరైనా పోస్టరు వేయగా చూశారా? కొత్తదానికి గ్రాంటు వస్తుంది గానీ, నిరుడు వాయించినదానికి ఎవరిస్తారు? స్వరకర్త నెలల తరబడి రాసినది పన్నెండు నిమిషాల్లో పుట్టి, ఆ పన్నెండో నిమిషంలోనే చరిత్రలో కలిసిపోతుంది. రిహార్సల్ అరకొరగా జరిగినా ఫర్వాలేదు. తప్పు దొర్లిందని తెలిసేది స్వరకర్త ఒక్కడికే, ఆయనేమో గ్రూప్ ఫోటో కోసం నవ్వుతూ నిలబడాలి.

మళ్ళీ వాయించమని అడిగించుకోకుండా ఉండడానికి అన్నిటికన్నా గట్టి ఉపాయం జర్మనీలోని హాల్బర్‌స్టాట్‌లో ఉంది. అక్కడి చర్చిలో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ ఆర్గన్ వాద్యానికి రాసిన, అతి నెమ్మదిగా వాయించే రచన ఒకటి 2001లో మొదలైంది, 2640లో ముగుస్తుంది. మొదటి 17 నెలలూ నిశ్శబ్దమే. 'ఇంకోసారి!' అనేవాడెవడూ బతికుండడు.

షోన్‌బెర్గ్ సంఘానికి అంత దీర్ఘాయుష్షు లేదు. 1921లో ధరలు మండిపోయి ఖజానా ఖాళీ అయింది. ఆ మేలో షోన్‌బెర్గ్, బెర్గ్, మరో శిష్యుడు వెబర్న్ ముగ్గురూ యోహాన్ స్ట్రాస్ నృత్య సంగీతమైన వాల్ట్జ్‌లను చిన్న బృందానికి తగ్గట్టు మలిచి, తామే వాయించి, చివర్లో ఆ చేతిరాత ప్రతులను వేలం వేశారు. జనానికి తెలిసిన సంగీతం వాయించి డబ్బులు పోగుచేశారన్నమాట! అయినా ఆ సంవత్సరమే సంఘం మూతపడింది.

అలాంటి పతనం ఇంకెవరికీ రాకూడదని నాదొక సూచన. సభ్యత్వంలో రెండు రకాలు పెట్టాలి. కచేరీలకు వచ్చి వినేవారికి మామూలు చందా. రాకపోయినా ఎందుకు రాలేదని ఎవరూ అడగకుండా ఉండాలంటే దానికి రెట్టింపు. రెండో రకానికి ఇప్పుడున్న సభ్యులే ముందుగా క్యూ కడతారు.