పాత పడవ మోటారుకు కారు తాళం స్విచ్ బిగించమనే పెద్దమనుషులకు

పాత అవుట్‌బోర్డ్ మోటారుకు (పడవ వెనక బయట బిగించే ఇంజను) ఇగ్నిషన్ స్విచ్, అంటే తాళం స్విచ్, పాడైందని ఎవరైనా అనగానే, “కారుదో ఆటోదో ఏదో ఒక స్విచ్ బిగించెయ్యండి, అన్నీ ఒకటే” అనే సలహా సిద్ధంగా ఉంటుంది. అన్నీ ఒకటి కావు. ఈ సలహా ఇచ్చేవారి మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది, ఎందుకంటే దాని ఫలితాన్ని నేను నా చేతులతో విప్పి చూశాను.

నేను కొన్న రెండు సిలిండర్ల మోటారు తాళంచెవి తిప్పితే చక్కగా స్టార్ట్ అయ్యేది గాని, ఆఫ్‌కి తిప్పితే ఆగేది కాదు. చోక్ లాగితే పెట్రోలు ఎక్కువై అదే ఆగిపోతుందని, ఈ మోటారు పద్ధతే అంతని అమ్మినాయన నమ్మకంగా చెప్పాడు. ప్యానెల్ వెనక చూస్తే కారు స్విచ్ ఒకటి, దాని పక్కన నల్ల తొడుగు మీద పసుపు చార ఉన్న తీగ ఒకటి కనిపించాయి. ఆ తీగ కొసకు టేపు చుట్టి వదిలేశారు. మోటారును ఆపవలసిన తీగ అదే.

కారులో ఆఫ్ అంటే తీగ తెగడం, బ్యాటరీ కరెంటు ఇగ్నిషన్‌కు అందకపోవడం. నా దానిలాంటి మాగ్నెటో మోటారులో, అంటే స్పార్క్‌కు కావలసిన కరెంటును తానే పుట్టించుకునే మోటారులో, ఆఫ్ అంటే తీగ కలవడం. ఫ్లైవీల్‌లోని అయస్కాంతాలు తిరుగుతున్నంతసేపు, బ్యాటరీ విప్పి ఒడ్డున పెట్టినా సరే, స్పార్క్ పుడుతూనే ఉంటుంది కాబట్టి, ఆ కరెంటును ఎర్తుకు మళ్లిస్తే తప్ప మోటారు ఆగదు. అందుకే ఈ మోటార్ల కోసం చేసిన స్విచ్ వెనక ఎం అని రాసిన టెర్మినళ్లు రెండుంటాయి. ఒకదానికి ఆ ఆపే తీగ, రెండోదానికి ఎర్తు. ఆఫ్‌లో ఆ రెండూ కలుస్తాయి, రన్‌లో విడిపోతాయి. బి బ్యాటరీకి, ఎస్ స్టార్టర్ సోలినాయిడ్‌కు (స్టార్టర్‌కు కరెంటు వదిలే స్విచ్), ఎ మిగతా పరికరాలకు, సి చోక్‌కు. కొత్త స్విచ్ అయినా బిగించే ముందు మల్టీమీటర్‌తో ఈ కలయికలను చూసుకోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

టేపు చుట్టి వదిలేయడమైనా కాస్త నయం. ఆ తీగనే తీసుకెళ్లి కారు స్విచ్ ఇగ్నిషన్ టెర్మినల్‌కు తగిలిస్తే, తాళంచెవి తిప్పిన క్షణంలో 12 వోల్టులు నేరుగా పవర్ ప్యాక్‌లోకి, అంటే స్పార్క్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెలోకి, వెళ్లి దాన్ని కాల్చేయగలవు. అయితే బ్యాటరీ కరెంటుతోనే స్పార్క్ ఇచ్చే పాత మోటార్లు కూడా కొన్ని ఉన్నాయి, వాటికి రన్‌లో 12 వోల్టులు అందాల్సిందే. కనుక మీ మోటారు ఏ జాతిదో తేలకుండా స్విచ్ కొనకండి. తీగల రంగులను కూడా గుడ్డిగా నమ్మవద్దు: జాన్సన్, ఎవిన్రూడ్ మోటార్లలో ఆపే తీగ నలుపు-పసుపు అయితే, యమహాలో తెలుపు. పైగా నలభై ఏళ్లలో ఎన్ని చేతులు పడ్డాయో ఎవరికి తెలుసు?

నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది వేరే సంగతి. నడిపేవాడు నీళ్లలో పడితే మోటారు ఆగిపోవాలని చేతికి కట్టుకునే తాడు ఉంటుంది కదా, దాని స్విచ్ కూడా ఈ ఆపే తీగనే ఎర్తుకు కలుపుతుంది. నా పడవలో ఆ స్విచ్ ప్యానెల్ వైపే ఉండటంతో, తీగ కొసను టేపుతో మూసేసిన రోజునే ఆ తాడు వట్టి అలంకారమైపోయింది. పాత యజమాని మాత్రం దాన్ని శ్రద్ధగా చేతికి కట్టుకునే పడవ నడిపాడు! గేరులో ఉండగా స్టార్ట్ కాకుండా అడ్డుకునే న్యూట్రల్ స్విచ్‌ను కూడా, స్టార్టర్ తీగ దాని గుండా పోనివ్వకుండా, పక్కదారి పట్టించారు.

చివరకు సరైన స్విచ్ తెచ్చి, తగరం పూత ఉన్న రాగి తీగలు వాడి, బ్యాటరీ దగ్గర ఫ్యూజు పెట్టి అంతా మళ్లీ కలిపాను. మోటారు నడుస్తుండగా ముందు తాడు లాగి చూశాను, తర్వాత తాళంచెవి తిప్పి చూశాను, రెండుసార్లూ ఆగింది. ఇప్పుడు చోక్‌ను చల్లటి మోటారు స్టార్ట్ చేయడానికే వాడుతున్నాను.