రడ్డర్ పెడళ్లకు, ముఖ్యంగా కుడివైపు వారికి

అయ్యా,

కాలితో తొక్కితే విమానం ముక్కును ఆ పక్కకు తిప్పే తమరు, పొద్దున నన్ను రన్‌వే ఎడమ అంచు దాకా సాగనంపినందుకు నమస్కారాలు. ఇన్‌స్ట్రక్టర్ గారు తన కాలు వేయకపోతే ఆ పక్కన గడ్డి కూడా చూసి వచ్చేవాణ్ణి. "మూడు ల్యాండింగులు నాతో చెయ్, నాలుగోది నువ్వొక్కడివే" అన్న మనిషి, మొదటి టేకాఫ్‌కే సోలో వాయిదా వేశారు. మా బాపు గనిలో డ్యూటీకి నాగా పెట్టి, బల్లార్షా నుంచి పేడాల డబ్బాతో వచ్చి కంచె పక్కన నిలబడి ఉన్నాడు.

ఇంజిన్ జోరు పెంచే థ్రాటిల్ పూర్తిగా తోస్తే ముక్కు ఎడమకు ఎందుకు లాగుతుందో నాకు తెలియక కాదు. మా సీట్లోంచి చూస్తే ప్రొపెల్లర్ గడియారం ముల్లులా తిరుగుతుంది. ఆ గాలి మెలికలు తిరిగి వచ్చి తోక నిలువు రెక్కను ఎడమ పక్క నుంచి కొడుతుంది; తోక కుడికి, ముక్కు ఎడమకు. పరీక్షలో ఇదంతా రాస్తే మార్కులు పడ్డాయి. కాలి దాకా దిగలేదు, అంతే.

పైగా ప్యానెల్లో మీ మనిషి ఒకడు. గాజు గొట్టంలో నల్ల గోళీ, విమానం పక్కవాటుగా జారితే చెప్పేవాడు. వాడంత చాడీకోరును నేను చూడలేదు. ఎనిమిదింటికే చంద్రపూర్ ఎండ చురుక్కుమంటుంటే, వేడి గాలికి విమానం ఈడుస్తూ ఎక్కుతుంది. అంతసేపూ తమరిని నొక్కే ఉంచాలి. తొడ వణికి కాస్త వదిలానో లేదో, గోళీ కుడికి జారిపోతుంది. ఇన్‌స్ట్రక్టర్ దాన్ని చూడనైనా చూడరు, కూర్చున్న చోటే తెలుస్తుందట. "రైట్ రడ్డర్!" నిద్రలో కూడా ఇదే కేక.

1902లో రైట్ సోదరులు గ్లైడర్‌కు కదిలే రడ్డర్ పెట్టి, దాన్ని రెక్కలు మెలితిప్పే తాళ్లకే కట్టేశారు. కాళ్లకు పనే లేదు. ఆ సుఖం మాకెందుకు దక్కలేదు?

ఎడమ పెడల్ గారూ, నవ్వకండి. నేల మీద దారి మళ్లించని యోక్‌ను, అదే చేతి చక్రాన్ని, ఆటో హ్యాండిల్‌లా తిప్పి నవ్వులపాలైన రోజు మీరూ అక్కడే ఉన్నారు. అది పోనివ్వండి. దిగే ముందు రన్‌వేకు సూటిగా, అంటే ఫైనల్‌కు, తిరిగేటప్పుడు రన్‌వే గీత దాటిపోతే, రెక్క ఇంకా వంచడానికి భయమేసి, ముక్కును మీతో తోసేద్దామనిపిస్తుంది. తోస్తే? వేగం తక్కువ, మలుపు లోపలి రెక్క ముందు స్టాల్ అవుతుంది, అంటే గాలి మీద పట్టు తప్పుతుంది; ఆపైన స్పిన్, గిరగిరా తిరుగుతూ పడిపోవడమే. అయిదొందల అడుగుల్లో తేరుకునే చోటేది? తొక్కాల్సినప్పుడు గుర్తుకు రారు, వద్దన్నప్పుడు కాలి కిందే ఉంటారు. ఛీ, మీదీ ఒక మర్యాదేనా!

పేడాలు సగం వాచ్‌మన్ తిన్నాడు. వచ్చేటప్పుడు బైక్ వెనక కూర్చున్నాను. బాపు రేజ్ చేసినప్పుడల్లా నా కుడి కాలు ఫుట్‌రెస్ట్‌ను గట్టిగా నొక్కుతోంది.

"కాలుకేమైందిరా?" అన్నాడు బాపు.

ఇట్లు,
రేపు ఆరింటికి మళ్లీ మీ మీదే కాళ్లు పెట్టబోయేవాడు