పేరు గడిలో పేరు లేనప్పుడు

ఇంగ్లండులోని పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే స్థానిక ప్రాంతం) చర్చిలు 1813 నుంచి భూస్థాపన రిజిస్టరును ఒకే అచ్చు నమూనాలో రాస్తున్నాయి. పేరు, నివాసం, పూడ్చిన తేదీ, వయసు, ప్రార్థన జరిపిన గురువు సంతకం. తీరప్రాంత పారిష్‌లలో యుద్ధకాలపు పుటలు తిప్పితే కొన్నిచోట్ల పేరుండాల్సిన గడిలో ‘ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికుడు’ లాంటి మాట కనిపిస్తుంది. ఆ ఒక్క పంక్తితో మనిషిని వెతకవచ్చా? వెతకవచ్చు. కానీ పేరు పెట్టే తొందర మాత్రం పనికిరాదు.

ఆ పంక్తి ఉండటం వెనుక కూడా ఒక యుద్ధకాలపు విషాదం ఉంది. నెపోలియన్‌తో పోరు సాగుతుండగా 1807 డిసెంబరు 29న ఆన్సన్ అనే యుద్ధనౌక తుపానులో చిక్కి, ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్‌లో ‘లో బార్’ అనే గులకరాళ్ల తిన్నె దగ్గర పగిలిపోయింది. ఒడ్డుకు చేరిన శవాలను అప్పటి ఆనవాయితీ ప్రకారం శవపేటిక, ప్రార్థన లేకుండానే గట్టు మీద గుంతలు తవ్వి పూడ్చారు. అది సహించలేని థామస్ గ్రిల్స్ అనే స్థానిక న్యాయవాది ఒక చట్టానికి ముసాయిదా రాశారు. 1808లో వచ్చిన ఆ చట్టం అలాంటి శవాలను పారిష్ శ్మశానంలోనే పూడ్చాలంది, ఖర్చును కౌంటీ ఖజానా మీద వేసింది. డబ్బు చేతులు మారితే పద్దు రాయక తప్పదు. శవాన్ని ఎవరు చూశారో, ఎక్కడి నుంచి మోసుకొచ్చారో రిజిస్టరు చెప్పకపోయినా ఆ పద్దు చెప్పవచ్చు. మరణ విచారణ పత్రాలు, ఆ వారపు స్థానిక పత్రిక కూడా చూడాలి.

అసలు చిక్కు తేదీతో వస్తుంది. రిజిస్టరులో పూడ్చిన తేదీకి గడి ఉంది, చనిపోయిన తేదీకి లేదు. సముద్రం శవాన్ని వారాల తరబడి, వందల మైళ్లు మోయగలదు. మొదటి ప్రపంచయుద్ధంలో 1916 మే 31న బ్రిటిష్, జర్మన్ నౌకాదళాల మధ్య మొదలైన జట్లాండ్ పోరులో మరణించిన నావికులు స్వీడన్, నార్వే, డెన్మార్క్ తీరాల్లో తేలారు. దగ్గరలో మునిగిన ఓడ జాబితా తీసి, వయసు సరిపోయిందని ఒక పేరు ఎంచుకోవడం నా దృష్టిలో పరిశోధన కాదు. సమాధి మీద తప్పు పేరు పడితే ఒక ఇంటికి లేని ఊరట ఇచ్చినట్టు, అసలు ఇంటివాళ్లకు దారి మూసేసినట్టు. యుద్ధ మృతుల సమాధులను చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ గట్టి ఆధారాలు అడుగుతుందంటే, అడగాల్సిందే.

రిజిస్టరులో పచ్చబొట్టుకు గడి లేదు. స్కాట్లండులోని ఐలా దీవిలో మాల్కమ్ మెక్‌నీల్ అనే పోలీసు సార్జెంటు దగ్గర మాత్రం ఒక నోటుపుస్తకం ఉండేది. 1918 ఫిబ్రవరి 5న అమెరికా సైనికులతో వస్తున్న టస్కానియా ఓడను జర్మన్ జలాంతర్గామి ముంచింది. ఐలా ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక్కొక్కరి జుట్టు రంగు, మచ్చలు, పచ్చబొట్లు ఆయన అందులో రాసిపెట్టారు. తర్వాత అమెరికా నుంచి కుటుంబాలు తమవాళ్ల గురించి ఉత్తరాలు రాశాయి. వాటికి ఆయన జవాబులు రాశారు.