గట్టు పొదలు, జీనువాయిలు

(ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం దగ్గర, వంశధార నది పక్క వరి మడులు. జీనువాయిలనే చిన్న పిట్టలు గూళ్లు కట్టే, గట్టు మీది తుమ్మ, ఈత పొదలు కొట్టేయాలని రైతు సింహాచలం అంటాడు. పక్షులను గమనించే మేనకోడలు గౌరి వద్దంటుంది.)

సింహాచలం: గూడు పొదలో, మేత మడిలో. రొమ్ము మీద పొలుసుల్లాంటి మచ్చలుండే ఈ జీనువాయిలు కంకి మీద వాలి, గింజ నొక్కి పాలు మింగేస్తే మనకు మిగిలేది పొల్లు. పొదకు ఆనుకున్న వరసలే ముందు పోతాయి. పొద లేకపోతే అంత ధైర్యంగా దిగవు.

గౌరి: అంచులకే దెబ్బ ఎక్కువన్నది నిజమే మావయ్యా. కానీ ఎన్నాళ్లు? పూత అయిన వారానికి గింజ పాలు పోసుకుంటుంది, ఇంకో వారం పది రోజుల్లో గట్టిపడుతుంది. మిగతా ఏడాదంతా ఊద, గరిక లాంటి గడ్డి గింజలు, కోతల తర్వాత రాలిన వడ్లు తిని బతుకుతాయి.

సింహాచలం: ఊద ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది. పిట్ట తింటే కలుపు తగ్గుతుందా?

గౌరి: తగ్గుతుందని నేననను. గట్టు గడ్డి కూడా గీకేస్తే గుంపుకి నీ మడే దిక్కవుతుందంటున్నాను. వానల్లోనే అవి గడ్డితో, వరి ఆకులతో బంతిలాంటి గూడు అల్లి, పక్కన దారి పెట్టి, నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడతాయి. అప్పుడు పొద నరికితే పిల్లలు చస్తాయి, పెద్దవి పక్క ఈత చెట్టుకి మారి నీ మడికే వస్తాయి. 1972 వన్యప్రాణి చట్టంలో గూళ్లు కదపడం కూడా వేట కిందే లెక్క.

సింహాచలం: పిట్టల్ని బెదరగొట్టే మెరుపు రిబ్బన్లు కడితే నాలుగు రోజులకే అలవాటు పడిపోతాయి కదా!

గౌరి: కంకి ఈనక ముందే కడితే అలవాటు పడవా మరి? పాలు పోసుకునే ముందు కట్టాలి. ఎరుపు, వెండి రంగు రిబ్బను, కంకికి జానెడు పైన, మెలికలు తిప్పి, గాలికి అడ్డంగా. మరీ బిగిస్తే మోగదు, వదిలేస్తే కంకులకు చుట్టుకుంటుంది. గింజ గట్టిపడగానే విప్పెయ్. నైలాను వల మాత్రం వద్దు, కాళ్లు చిక్కుకుని చస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, ఊరంతా ఒకే కాలంలో పండే రకం ఒకే వారంలో నాట్లు ఊడ్చాలి. ముందు ఈనిన మడి మీద, ఆఖరున మిగిలిన మడి మీద గుంపంతా పడుతుంది.

సింహాచలం: కాలవ చివరి మడికి నీళ్లే ఆలస్యం, ఊడ్పు ఎలా కలుస్తుంది? కొండ వాలు చోడి (రాగి) సంగతేంటి? ఆ చిన్న గింజ గట్టిపడినా వదలవు.

గౌరి: చోడికి రిబ్బను చాలదు, ఒప్పుకుంటాను. పొద్దున, సాయంత్రం కాపలా ఉండాలి, కంకి పండగానే కోసెయ్యాలి. చివరి మడికి తక్కువ కాలంలో పండే రకం వెయ్యి.

సింహాచలం: మడి మీదకి వాలిన కొమ్మలు మాత్రం కొట్టి తీరతాను.

గౌరి: సంక్రాంతి దాటాక, గూళ్లలో ఏమీ లేవని చూసి కొట్టు. మొదళ్లు ఉంచు.